చెట్టు కింద చల్లదనం ఎంత? మెట్ట సీమలో కొలిచే పద్ధతి, నాటే పద్ధతి

మే నెల మిట్టమధ్యాహ్నం కదిరి దగ్గరి గూటిబయలుకు వెళ్ళి, ఐదెకరాలకు పైగా పరచుకుని 1989లో గిన్నిస్ రికార్డుకెక్కిన తిమ్మమ్మ మర్రిమాను కింద నిలబడినవారు ‘ఇక్కడ పది డిగ్రీలు తక్కువగా ఉంది’ అంటారు. ఒంటికి కలిగిన ఆ అనుభవం అబద్ధం కాదు. అయితే అదే నీడలో వేలాడదీసిన థర్మామీటరు, బయట ఆరుబయలులో ఎండ తగలని గూటిలో ఉంచిన థర్మామీటరుకన్నా పది డిగ్రీలు తక్కువ చూపదు. రెండు మూడు డిగ్రీల తేడా కనిపిస్తే అదే గొప్ప. ఒళ్ళు చెప్పేదానికీ పాదరసం చెప్పేదానికీ మధ్య ఉన్న ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, ఇంటి చుట్టూ ఏ చెట్టు ఏ వైపు పెట్టాలో, పొలం గట్టున ఏది పెంచాలో, దేనికి నీళ్ళు పోయడం దండగో తేల్చుకోవచ్చు. అందుకు కావలసిన కొలతలను ఎవరైనా సొంతంగా తీసుకునే పద్ధతినీ, ఆ కొలతలను బట్టి మొక్కలు నాటే పద్ధతినీ ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలన్నీ ఉమ్మడి అనంతపురం జిల్లావి. పడమటి కనుమల వాననీడలో ఉన్న ఆ నేల మీద ఏడాదికి సగటున కురిసేది 550 మి.మీ. వాన మాత్రమే, అక్కడి ఎండా గాలీ ఏడాది పొడవునా ఆవిరి చేయగల నీరు దానికి మూడు రెట్లకు తక్కువ ఉండదు.

మొదట తెలుసుకోవలసింది

చెట్టు రెండు పనులు చేస్తుంది. ఒకటి నీడనివ్వడం, రెండోది నీటిని ఆవిరిగా వదలడం. ఈ రెండింటినీ కలిపి ‘చల్లదనం’ అని ఒకే మాటతో చెప్పుకోవడం వల్లనే చాలా తప్పు లెక్కలు పుడుతున్నాయి.

నీడ సంగతి తేలిక. మే నెల ఎండలో ఎండిన ఎర్రనేల పైపొర 55, 60 డిగ్రీలకు చేరడం వింత కాదు. ఆ ఎండలో నిలబడిన మనిషి మీద పైనుంచి సూర్యుడి వేడి, కిందినుంచి కాలిన నేల వేడి, పక్కనుంచి గోడల వేడి పడుతుంటాయి. చెట్టు కిందికి రాగానే ఈ మూడూ ఒక్కసారిగా తగ్గుతాయి. గాలి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా మారకపోయినా ఒంటికి ప్రాణం లేచివచ్చినట్టుంటుంది. దీనికి చెట్టు వేరే నీరేమీ ఖర్చు పెట్టనక్కరలేదు, ఆకులు నిలబెట్టుకుంటే చాలు.

ఆవిరి సంగతి వేరు. వేరు పీల్చిన నీరు ఆకుల మీది సన్నని పత్రరంధ్రాల గుండా ఆవిరై పోతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2.4 మెగాజౌళ్ళ వేడి, అంటే కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే యూనిట్‌లో మూడింట రెండు వంతులు, ఎక్కడి నుంచో రావాలి. ఆకు నుంచీ దాని చుట్టూ ఉన్న గాలి నుంచీ వస్తుంది. వేళ్ళకు నీరు పుష్కలంగా అందే పెద్ద చెట్టు వేసవి రోజున వంద లీటర్లు వదిలిందనుకుంటే, ఒకటిన్నర టన్నుల ఏసీ పన్నెండు గంటలకు పైగా ఆపకుండా నడిచి లాగే వేడిని అది లాగినట్టు. ఈ పోలిక తరచు వినబడేదే. దానితో పాటు చెప్పవలసిన రెండు మాటలు మాత్రం అంతగా వినబడవు. ఏసీ గదికి తలుపులు ఉంటాయి, చెట్టుకు ఉండవు కనుక ఆ చల్లగాలి నిమిషాల్లో పక్క పొలానికి పోతుంది. ఇక రెండోది, మెట్ట సీమకు అసలైనది: నేలలో తడి లేనప్పుడు చెట్టు తన ప్రాణం కాపాడుకోవడానికి మిట్టమధ్యాహ్నం పత్రరంధ్రాలను మూసేస్తుంది. మనకు చల్లదనం అన్నిటికన్నా అవసరమైన వేళకే ఆ ‘ఏసీ’ దాదాపు ఆగిపోతుంది. నీడ మాత్రం ఆగదు.

ఇదే సూత్రానికి ఇంట్లోనే సాక్ష్యం ఉంది. అనంతపురంలో మే నెలలో కొత్త మట్టికుండలో పోసిన నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లబడతాయి. అదే కుండను మచిలీపట్నం తీసుకువెళితే, గాలిలో అప్పటికే తేమ నిండి ఉన్నందున, నీళ్ళు కాస్త చల్లగా ఉన్నాయనిపిస్తాయి, అంతే. గుమ్మానికి కట్టి తడిపే వట్టివేళ్ళ తడికలు కోస్తాలో కన్నా సీమలో బాగా పనిచేయడానికీ కారణం ఇదే. గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరి వల్ల వచ్చే చల్లదనం అంత ఎక్కువ. కాని గాలి పొడిగా ఉన్న చోటే నీరు ఉండదు. మెట్ట సీమలో మొక్కలు పెంచేవారి చిక్కంతా ఇక్కడే ఉంది.

పనిముట్లు

పెద్ద ఖర్చు లేదు. ఒకే రకానికి చెందిన సాధారణ గాజు థర్మామీటర్లు నాలుగు తీసుకోండి. అర డిగ్రీ గీతలున్నవైతే మంచిది. కొన్న రోజే నాలుగింటినీ ఒకే బకెట్ నీళ్ళలో పావుగంట ఉంచి, ఏది ఎంత తేడాగా చూపుతోందో కాగితం మీద రాసుకుని దాని మీదే అతికించండి. మనం వెతుకుతున్న తేడాయే ఒకటి రెండు డిగ్రీలు కనుక, పనిముట్లలోనే ఒక డిగ్రీ తేడా ఉంటే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది.

రెండు థర్మామీటర్లను పొడి బల్బులుగానే ఉంచి, మిగిలిన రెండింటి బల్బులకు పాత పంచె ముక్కను ఒక పొర చుట్టి, దాని కొసను చిన్న సీసాలోని నీళ్ళలో వత్తిలా వేలాడదీయండి. ఇదే తడి బల్బు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటి వేసవిలో నేను సీసాలో బోరు నీళ్ళు పోశాను. వారం తిరిగేసరికి వత్తి మీద ఉప్పు పేరుకుని, గుడ్డ అట్టలా బిగుసుకుపోయి, తడి పైకి ఎక్కడం మానేసింది. నేనేమో తేమ రోజురోజుకీ పెరుగుతోందని మురిసిపోతూ రాసుకున్నాను. నిజానికి పెరిగింది వత్తి మీది సున్నం. వాననీళ్ళు గాని బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరు గాని వాడండి, వారానికోసారి గుడ్డ మార్చండి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది కనుక ముందు ఉడకబెట్టి, సబ్బు మిగలకుండా జాడించాలి.

మార్కెట్‌లో తేమ శాతం చూపే చిన్న డిజిటల్ మీటర్లు దొరుకుతాయి. అవీ పనికివస్తాయి, అయితే పరీక్షించకుండా నమ్మరాదు. సీసా మూతలో వంట ఉప్పు వేసి, అది కరిగిపోకుండా తడి ఇసుకలా ముద్ద అయ్యేటంత వరకు చుక్కలు చుక్కలుగా నీరు కలిపి, ఆ మూతనూ మీటరునూ ఒకదానికొకటి తగలకుండా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రాత్రంతా గదిలో ఒక మూల ఉంచండి. ఉప్పు ముద్ద మీది గాలిలో తేమ సరిగ్గా 75 శాతం దగ్గర నిలుస్తుంది. తెల్లవారి మీటరు 70 చూపితే అది ఐదు తక్కువ చెబుతున్నట్టు. అయితే ఇది ఒక్క చోటనే సరిచూడడం. అనంతపురం మే నెలలో ఉండే 20, 25 శాతం దగ్గర ఆ మీటరు ఎంత తప్పుతుందో దీనివల్ల తేలదు. అందుకే నా మొగ్గు ఇప్పటికీ తడి గుడ్డ వైపే.

చివరిది, అన్నిటికన్నా చవకైనదీ అన్నిటికన్నా ఎక్కువ నేర్పేదీ, ఒక టేబుల్ టెన్నిస్ బంతి. దానికి మెరుపులేని నల్లరంగు పూసి, చిన్న రంధ్రం చేసి, థర్మామీటరు బల్బును బంతి నడిమికి వచ్చేలా దూర్చి, రంధ్రం చుట్టూ మైనంతో మూయండి. ఇలాంటివి రెండు చేసుకోండి. ఇందుకు మరో రెండు థర్మామీటర్లు కావాలి. పొడి బల్బు గాలి వేడిని చెబితే, ఈ నల్లబంతి మనిషి ఒంటి మీద అన్ని వైపుల నుంచి పడే వేడిని కూడా కలుపుకుని చెబుతుంది.

ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు చూడాలి

ఒక జత చెట్ల నీడలో, మరో జత చెట్ల నుంచి కనీసం యాభై అడుగుల దూరంలో, గోడలూ రేకుల షెడ్డూ లేని ఆరుబయలులో ఉండాలి. రెండూ నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉండాలి, ఎందుకంటే ఎండవేళ నేలకు దగ్గరయ్యేకొద్దీ గాలి వేడి గబగబా పెరుగుతుంది. ఒకటి మోకాలెత్తునా మరొకటి భుజమెత్తునా ఉంటే మీరు కొలిచేది చెట్టు ప్రభావం కాదు, ఎత్తు ప్రభావం. బయలులోని పొడి బల్బు మీద ఎండ పడకూడదు. వాతావరణ శాఖవారు వాడే, పక్కల్లో వాలు పలకలున్న తెల్లటి చెక్కపెట్టె ఇందుకోసమే. 1864లో థామస్ స్టీవెన్సన్ రూపొందించిన ఆ పెట్టె మన దగ్గర లేకపోతే, తెల్లటి ప్లాస్టిక్ పళ్ళేలను బోర్లించి, మధ్య వేలెడు సందులతో ఒకదాని కింద ఒకటిగా ఆరేడు బిగించి, పై పళ్ళెం తప్ప మిగిలిన వాటి నడుమ రంధ్రం చేసి థర్మామీటరు దించితే సరిపోతుంది. చెట్టు కింద కూడా అలాంటి గూడే కావాలి. ఆకుల సందుల్లోంచి జారే ఎండపొడ రెండు నిమిషాలు బల్బు మీద పడితే చాలు, నీడలోని థర్మామీటరు బయలు కన్నా ఎక్కువ చూపుతుంది. కాండానికి కట్టవద్దు, మాను తన వేడిని తాను దాచుకుంటుంది. నల్లబంతుల సంగతి మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం: వాటికి గూడు ఉండకూడదు. బయలులోని బంతిని ఎండలోనే వేలాడదీయాలి.

రోజుకు మూడు వేళలు చాలు. సూర్యోదయానికి ముందు ఒకసారి, ఎందుకంటే గాలి అత్యంత చల్లబడేది అప్పుడే. మధ్యాహ్నం రెండున్నరకు ఒకసారి. సూర్యాస్తమయం తరువాత గంటకు మరొకసారి. వీటితో పాటు ఉదయం 8.30కీ సాయంత్రం 5.30కీ కూడా రాసుకోగలిగితే, భారత వాతావరణ శాఖ కేంద్రాలు ఆ వేళలకే నమోదు చేస్తాయి కనుక, పత్రికల్లో వచ్చే అంకెలతో పోల్చుకోవచ్చు. చూసే ముందు తడి బల్బుకు రెండు మూడు నిమిషాలు విసనకర్రతో గట్టిగా విసరండి. గాలి కదలకపోతే వత్తి చుట్టూ తేమ నిలిచి తప్పు చూపుతుంది. విసురుతూ ఉంటే పాదరసం దిగి దిగి ఒక చోట ఆగుతుంది, దాన్ని రాసుకోవాలి. పది రోజుల తరువాత రెండు జతలనూ చోటు మార్చి మరో పది రోజులు చూడండి. చెట్టు కిందిదే మళ్ళీ తక్కువ చూపితే అది చెట్టు మహిమ. లేకపోతే థర్మామీటరు మహిమ.

లెక్క

గాలిలో తేమ గురించి మనం వాడే ‘శాతం’ అనే మాట కొంత మోసపుచ్చేది. గాలి వేడెక్కేకొద్దీ అది మోయగల ఆవిరి పెరుగుతుంది. ఆవిరి ఏమీ మారకపోయినా వేడి తగ్గితే చాలు, శాతం పెరుగుతుంది. అందుచేత చెట్టు కింద శాతం పెరిగిందంటే చెట్టు తేమనిచ్చిందని వెంటనే అనుకోకూడదు. ఎంత ఆవిరి ఉందో విడిగా లెక్కించాలి. తుఫాను వార్తల్లో వినే మిల్లీబార్లే ఇక్కడా కొలమానం. నిండుగా తేమ ఉన్న గాలిలో ఆవిరి పీడనం 22 డిగ్రీల దగ్గర 26.4, 23 దగ్గర 28.1, 24 దగ్గర 29.8, 25 దగ్గర 31.7, 30 దగ్గర 42.4, 34 దగ్గర 53.2, 36 దగ్గర 59.4, 38 దగ్గర 66.3, 40 దగ్గర 73.8, 42 దగ్గర 82 మిల్లీబార్లు. ఈ అంకెలను పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

పద్ధతి ఇది. తడి బల్బు డిగ్రీకి ఎదురుగా ఉన్న అంకె తీసుకుని, అందులోంచి పొడి తడి బల్బుల తేడాను 0.64తో గుణించి తీసివేయండి. సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్న అనంతపురానికి ఈ 0.64 సరిపోతుంది, కోస్తాలోనైతే 0.67 వాడాలి. మిగిలింది గాలిలో నిజంగా ఉన్న ఆవిరి. దాన్ని పొడి బల్బు డిగ్రీకి ఎదురుగా ఉన్న అంకెతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం వస్తుంది.

బయలులో పొడి బల్బు 40, తడి బల్బు 23 ఉన్నాయనుకోండి. తేడా 17, దాన్ని 0.64తో గుణిస్తే 10.9, 28.1 నుంచి తీసివేస్తే ఆవిరి 17.2 మిల్లీబార్లు, తేమ 23 శాతం. తోపులో పొడి బల్బు 38, తడి బల్బు అదే 23 ఉన్నాయనుకోండి. తేడా 15, గుణిస్తే 9.6, ఆవిరి 18.5, తేమ 28 శాతం. శాతంలో ఐదు పెరిగింది. ఇప్పుడు అసలు ప్రశ్న: ఆవిరి ఏమీ పెరగకుండా, వేడి మాత్రమే 40 నుంచి 38కి దిగి ఉంటే ఎంత ఉండేది? 17.2ను 66.3తో భాగిస్తే 26 శాతం. అంటే పెరిగిన ఐదులో సగానికి పైగా కేవలం వేడి తగ్గినందువల్ల వచ్చింది, మిగిలినదే చెట్లు నిజంగా వదిలిన తేమ.

ఈ ఉదాహరణలో తడి బల్బు రెండు చోట్లా 23 దగ్గరే ఉండడం గమనించండి, నేను కావాలనే అలా తీసుకున్నాను. నీరు ఆవిరైనప్పుడు గాలిలోని వేడి పోదు, ఆవిరి రూపంలో దాక్కుంటుంది, అంతే. కనుక పొడి బల్బు దిగినా తడి బల్బు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. మీ కొలతల్లో పొడి బల్బు తగ్గి తడి బల్బు కదలకపోతే చెట్లు నీరు వదులుతున్నాయని అర్థం. రెండూ కలిసి తగ్గి, ఆవిరి అంకె మారకపోతే, ఆ చల్లదనం నీడది. చెట్లు పత్రరంధ్రాలు మూసుకుని కూర్చున్నాయి. పాదుకు నీళ్ళు పోసిన మర్నాడూ, పోయని పదిహేనో రోజూ ఒకే చెట్టు కింద ఈ రెండు తీర్లనూ చూడవచ్చు. మనిషికి చెమట ఆరడం తడి బల్బు మీద ఆధారపడి ఉంటుంది కనుక, ఆవిరి వల్ల వచ్చిన రెండు డిగ్రీల తగ్గుదల ఒంటికి మనం అనుకున్నంత హాయినివ్వదు. హాయిలో సింహభాగం నల్లబంతి చెబుతుంది. బయలులో అది గాలి వేడికన్నా ఎంతో పైకి ఎగబాకుతుంది, దట్టమైన చింత నీడలో గాలి వేడికి అటూఇటూగా ఆగుతుంది. గూటిబయలులో ఒళ్ళు చెప్పే ఆ ‘పది డిగ్రీలు’ ఈ బంతి లెక్కలోనివి.

నగరాల పార్కుల మీద వివిధ దేశాల్లో జరిగిన పరిశీలనలన్నీ కలిపి 2010లో వేసిన లెక్కలో, పగటివేళ పార్కు గాలి బయటికన్నా సగటున సుమారు ఒక డిగ్రీ మాత్రమే చల్లగా ఉందని తేలింది. మీకూ ఆ స్థాయి తేడాయే వస్తే కొలత తప్పిందని కంగారు పడనక్కరలేదు.

రాత్రి సంగతి

సూర్యోదయానికి ముందు తీసిన కొలత చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. అప్పుడు చెట్టు కింద బయలుకన్నా వెచ్చగా ఉంటుంది. మబ్బులేని మెట్ట రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలి త్వరగా చల్లబడుతుంది. చెట్టు కింద ఆ వేడికి ఆకుల కప్పు అడ్డం. గాలి కూడా ఆడదు. మన పెద్దలు పగలు నులకమంచం చెట్టు కింద వేసి, రాత్రి అదే మంచాన్ని వాకిట్లోకో మిద్దె మీదికో లాగడం ఊరికే కాదు. చింతచెట్టు కింద రాత్రి పడుకుంటే దయ్యం పడుతుందన్న మాటకు, చెట్టు రాత్రి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది కనుక ప్రమాదమని ఇప్పుడు ‘శాస్త్రీయ’ వివరణ ఇస్తుంటారు. ఆరుబయట గాలిలో ఆ వాయువు మనిషిని ఇబ్బంది పెట్టే మోతాదుకు చేరదు. ఉక్క మాత్రం నిజం, దాన్ని థర్మామీటరు చూపుతుంది.

ఇంటి చుట్టూ నాటడం

అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరున మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మే నెలలో కొంచెం ఉత్తరానికి జరుగుతాడు, పడమరకు కాస్త వాయవ్యంగా అస్తమిస్తాడు. చలిదేశాల పుస్తకాలు చూసి ఇంటికి దక్షిణాన పెట్టిన చెట్టు మన మే నెలలో గోడకు నీడనివ్వదు. నీడ కావలసింది పడమటి గోడకు, ఆ తరువాత వాయవ్యానికి, ఆ తరువాత తూర్పుకు. పడమట పెద్దచెట్టు ఉంటే వాస్తు చూసేవారు కూడా సాధారణంగా అభ్యంతరం చెప్పరు కనుక ఇంట్లో పేచీ ఉండదు.

ఎంత దూరంలో నాటాలో తెలియాలంటే మే నెల మధ్యలో సాయంత్రం నాలుగింటికి మూడడుగుల కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవండి. సుమారు నాలుగడుగుల నీడ వస్తుంది. ఆ లెక్కన ఇరవై అడుగుల చెట్టు నీడ నాలుగింటికి 27 అడుగులు, ఐదింటికి 48 అడుగుల దాకా సాగుతుంది. గోడ నుంచి పదిహేను, ఇరవై అడుగుల దూరంలో ఉన్న చెట్టు గోడ బాగా కాలే వేళకు దాన్ని కప్పగలదు. అంతకన్నా దగ్గరైతే వేళ్ళు పునాదిని వెతుక్కుంటాయి.

ఏ చెట్టు అన్నది ఆకు ఎప్పుడు ఉంటుందన్న దాన్ని బట్టి తేల్చాలి. వేసవి ముందు ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి మళ్ళీ చిగురించి నిండుగా ఉండే వేప, కానుగ ఈ సీమకు అచ్చంగా అమరినవి. చింత నెమ్మదిగా పెరుగుతుంది గాని దాని నీడకు సాటి లేదు. నాటినవారి మనవలు అనుభవిస్తారు. మర్రి, రావి ఊరి చావడికీ చెరువు గట్టుకూ, ఇంటి పెరటికి కావు. కలబంద, కిత్తనార, నాగజెముడు లాంటివి నీరు దాచుకోవడానికి పత్రరంధ్రాలను రాత్రివేళే తెరుస్తాయి కనుక వాటినుంచి పగటి చల్లదనం ఆశించవద్దు. కంచెకు మాత్రం భేషైనవి. పచ్చిక లాన్ మీద నాకు పట్టరాని విసుగు. వేసవిలో చదరపు మీటరు పచ్చిక రోజుకు ఆరేడు లీటర్లు కోరుతుంది. పది మీటర్ల చదరం లాన్‌కు ఆరేడు వందల లీటర్లు పోసినా మనిషి నిలబడేంత నీడ రాదు. అందులో పదోవంతు నీటితో రెండు వేపమొక్కలు మూడు వేసవులు దాటి తమ కాళ్ళ మీద తాము నిలబడతాయి.

ఆ నీరు కూడా కొత్తగా తోడనక్కరలేదు. నలుగురున్న ఇంట్లో తలా రెండు బకెట్ల స్నానమంటే రోజుకు వంద లీటర్ల పైమాటే. ఆ నీటిని ఇసుకా గులకరాళ్ళూ నింపిన చిన్న గుంత గుండా పడమటి చెట్ల పాదులకు మళ్ళించండి. సాయంత్రం పోయడం మేలు, రాత్రంతా వేరు పీల్చుకుంటుంది. పాదు మీద వేరుశనగ పొట్టు గాని రాలిన ఆకు గాని జానెడు మందాన పరిస్తే, నీరు నేలలోంచి నేరుగా ఎగిరిపోకుండా చెట్టు గుండానే పోతుంది. కిటికీలకు ఎదురుగా గుబురు పొదలు మాత్రం పెంచవద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే నైరుతి గాలే ఈ జిల్లా ఇళ్ళకు సహజమైన ఫ్యాను. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలి అది. పడమట ఎత్తైన మాను, కింద కొమ్మలు కత్తిరించి గాలికి దారి, ఈ అమరిక కుదిరితే నీడా గాలీ రెండూ దక్కుతాయి.

పొలంలో

వేరుశనగ ఖరీఫ్ పంట. ఫిబ్రవరి నుంచి వాన పడేదాకా చేలు బోడిగా ఉంటాయి, అవే మాడే నెలలు. ఒంటరి చెట్లు ఎన్ని ఉన్నా చుట్టూ వందల ఎకరాల బోడినేల కాలుతుంటే అక్కడి వేడిగాలి వచ్చి వాటి మీదుగానే పోతుంది. ఎడారిలో ఒయాసిస్సు చల్లగా ఉండడానికి కారణమూ, అది విపరీతంగా నీరు తాగడానికి కారణమూ ఈ గాలే. చుట్టుపక్కల వేడి కూడా దాని నీటినే ఆవిరి చేస్తుంది. అందువల్ల చుట్టూ బీడున్న చిన్న తోటకు నీటి లెక్క వేసేటప్పుడు పుస్తకంలోని మోతాదుకన్నా ఎక్కువే వేసుకోవాలి, ముఖ్యంగా గాలి వచ్చే వైపు వరసలకు. ప్రకృతి సేద్యం చేసేవారు వానకు ముందే పొడినేలలో నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతి ఈ బోడి నెలలను తగ్గించడానికి పనికివస్తుంది. వేరుశనగలో అంతరపంటగా వేసిన కంది, వేరుశనగ కోత తరువాత కూడా కొన్ని నెలలు నేలకు కప్పుగా నిలుస్తుంది.

గట్ల మీద గాలికి అడ్డుగా వేసే చెట్ల వరుస తన ఎత్తుకు పది, పదిహేను రెట్ల దూరం దాకా గాలి వేగాన్ని తగ్గిస్తుంది. వేదవతి నది ఇసుక పొలాల్లోకి ఎగిరివచ్చే కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతంలో ఇది తప్పనిసరి. అయితే వరుస వెనుక గాలి నిలిచిపోయే చోట పగటి ఉష్ణోగ్రత బయలుకన్నా కాస్త ఎక్కువే ఉండవచ్చు. తగ్గేది వేడి కాదు, నేల నుంచి తడి ఆరిపోయే వేగం. గోడలా దట్టంగా కాకుండా సగం గాలి దూరేలా వరుస పెంచాలి. లేకపోతే వాన రోజుల్లో తేమ పైరులోనే నిలిచి వేరుశనగకు తిక్క ఆకుమచ్చ తెగులు ఊతం పుంజుకుంటుంది. గట్టు మీద గ్లిరిసిడియా అయితే ఏడాదికి రెండు మూడుసార్లు కొమ్మలు కొట్టి పచ్చిరొట్టగా వాడుకోవచ్చు కనుక దట్టం కాకుండా దానంతట అదే అదుపులో ఉంటుంది.

చెట్లు పెంచితే ఊరికి వాన వస్తుందా అని ప్రతి సమావేశంలోనూ అడుగుతారు. సహారా దక్షిణపు అంచులో పచ్చదనం తరిగినందువల్ల వాన తగ్గి ఉండవచ్చని 1975లో వాతావరణ శాస్త్రవేత్త జూల్ చార్నీ ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. అది వందల కిలోమీటర్ల నేల గురించిన మాట. ఒక ఊరి తోపు వానను తేలేదు. ఇజ్రాయెల్‌లో ఏడాదికి సుమారు 280 మి.మీ. వాన పడే చోట 1960లలో నాటిన యాతీర్ పైన్ అడవి కూడా, చుట్టుపక్కల బీడుకన్నా ఎక్కువ ఎండను పీల్చుకుంటూనే, దానికన్నా ఐదు డిగ్రీల మేర చల్లటి ఉపరితలంతో ఉంటుంది. అందుకు కారణం ఆవిరి కాదు. ఎగుడుదిగుడుగా ఉన్న చెట్ల శిఖరాలు తమ వేడిని పైగాలికి తేలికగా అప్పగించేస్తాయి. అంటే అక్కడ చెట్లు చల్లగా ఉన్నాయి, వాటి వేడి పైగాలిలోకి పోయింది. అందుకే మీ పుస్తకంలో పొడి బల్బు, తడి బల్బు, నల్లబంతి అంకెలను వేర్వేరు గడుల్లో రాయండి.

నాటిన ఏడాది కొలతలు తీసి, తరువాత మూడో వేసవిలోనూ ఆరో వేసవిలోనూ అవే చోట్ల, అవే తేదీల్లో మళ్ళీ తీయండి. గూళ్ళు పెట్టిన చోట రాయి పాతి గుర్తు ఉంచండి. ఆరేళ్ళకు చెట్టు పెరిగి, గుర్తు లేకపోతే ‘బయలు’ అనుకున్న చోటే నీడలోకి వచ్చేసి ఉంటుంది.